సూదుల డబ్బాలో పడ్డ తాళంచెవి

ఆమెకూ ఒక పేరుండేది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. పరగడుపున మొహాలు ముడుచుకుని తన కోసం ఎదురుచూసే ముసలివాళ్ళు ఆమెను సూదక్క అనేవారు. ఆ మాట ముందు ల్యాబ్‌కి పాకింది, అక్కణ్ణించి వీధిలోకి, చివరికి ఇంట్లోకీ వచ్చింది. అత్తగారు ఫోనులో ఎవరితోనో "మా సూదక్క ఇంకా ఇల్లు చేరలేదు" అంటుంటే గుమ్మంలో నిలబడి విని నవ్వుకుంది. అప్పట్లో నవ్వే ఓపిక ఉండేది.

ఇంటింటికీ వెళ్ళి పరీక్షలకు రక్తం తీసుకురావడం ఆమె పని. తెల్లవారగానే బయలుదేరాలి. ఈ పెద్దాయనకు పంచదార పరీక్ష, ఆ పెద్దావిడకు థైరాయిడు, ఇంకొకాయనకు ఏం పరీక్షో ఆయనకే తెలీదు, అయినా చెయ్యి చాపేస్తాడు. ఎవరింటికి ఆలస్యంగా వెళ్ళినా చీవాట్లే. "కాఫీ చుక్క లేకుండా కూర్చోబెట్టావు, నీ పుణ్యమా అని కళ్ళు తిరుగుతున్నాయి" అంటారు. తీరా సూది గుచ్చాక "నీ చెయ్యి మంచిదమ్మా, చీమ కుట్టినట్టు కూడా లేదు" అనీ వాళ్ళే అంటారు. ఆమె రెండూ ఒకేలా వింటుంది. దూది అద్ది, పట్టీ అంటించి, "రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి" అనేసి మెట్లు దిగుతుంది. ఆ మెట్లే ఈ మధ్య ఆమె మోకాళ్ళ ప్రాణం తీస్తున్నాయి.

ఆ తిరుగుడుకంతా ఆధారం ఒక చిన్న బూడిదరంగు కారు. వెనక సీట్లో ఐస్ పెట్టె, దానికి బెల్టు. ఆ కారులో బుద్ధిగా బెల్టు పెట్టుకునే ప్రయాణికుడు అదొక్కటే అని ఆమె భర్త హాస్యమాడేవాడు. ఆయన పోయాక కారు కాగితాలు ఆమె పేరు మీదికి మారాయి. కారు మాత్రం పూర్తిగా ఆమె చేతికి రాలేదు. మధ్యలో మరిది ఉన్నాడు.

మరిది చెడ్డవాడు కాదు. నవ్వుతూ వస్తాడు, వాళ్ళమ్మ పక్కన కూర్చుని కాళ్ళు నొక్కుతాడు, వదిన చేతి టీ తాగి మెచ్చుకుంటాడు. కాకపోతే అతని దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ఎప్పుడు అవసరమైతే అప్పుడు కారు తీసుకెళ్ళిపోతాడు. అడగడు, చెప్పడు. పొద్దున్నే ఆమె సంచి భుజానికి వేసుకుని బయటికి వస్తే కారు ఉండాల్సిన చోట నూనె మరకొక్కటే కనిపిస్తుంది. అప్పుడు ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాలి. ఒకసారి పక్కసీటావిడ "చేపలామ్మా?" అని అడిగింది. "కాదండీ, రక్తం" అంది ఆమె. ఆ తర్వాత రెండు సీట్లూ ఆమెకే మిగిలాయి.

అలా బస్సులో వెళ్ళిన రోజల్లా ఆలస్యమే. ల్యాబ్ మేనేజరు మొన్ననే పిలిచి చెప్పాడు. "చూడక్కా, ఇంకొక్కసారి బస్సులో వచ్చావంటే ఆ వైపు ఇళ్ళన్నీ బైకున్నవాళ్ళకి ఇచ్చేస్తా. నన్ను తిట్టుకోవద్దు." ఆమె తిట్టుకోలేదు. తిట్టుకోవడానికీ కొంచెం బలం కావాలి.

ఆ తాళాలకు ఒక కథ ఉంది. కారుతో పాటు రెండు వచ్చాయి. రెండోది వంటింటి సొరుగులో పెట్టిన గుర్తు ఆమెకు. ఒకరోజు చూస్తే లేదు. "నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు" అన్నాడు భర్త. ఇల్లంతా తిరగేసింది, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కూడా వెతికింది. దొరకలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కత్తెర కనిపించకపోయినా, కళ్ళజోడు కనిపించకపోయినా అందరూ ఆమె వంకే చూసేవారు. కొన్నాళ్ళకు అది నిజమేనని ఆమె కూడా ఒప్పేసుకుంది. ఆ తర్వాతే మరిది చేతిలో కొత్త తాళంచెవి కనిపించింది. "అవసరానికి ఉంటుందని వాడికొకటి కోయించాను. అడిగే తీసుకుంటాడులే" అన్నాడు భర్త. సరే అంది.

ఇక ఆ రోజు సంగతి.

ఇళ్ళన్నీ ముగించుకుని మధ్యాహ్నానికి ల్యాబ్ చేరింది. శాంపిళ్ళు అప్పజెప్పి, కారు తాళం చేత్తో పట్టుకుని ఇంటికి బయలుదేరుతుంటే లోపలి గదిలోంచి పిలుపు. "సూదక్కా, ఒక్క క్షణం రావా! ఈ బామ్మగారి నరం దొరికి చావడం లేదు."

వెళ్ళింది. రెండు చేతులూ గుచ్చించుకుని బామ్మగారు కళ్ళనీళ్ళతో కూర్చుని ఉంది. తాళంచెవి ట్రేలో పడేసి, చేతికి తొడుగులు వేసుకుని, రబ్బరు పట్టీ బిగించి, కళ్ళు మూసుకుని వేలితో తడిమింది. నరాలు కంటికి కాదు, వేలికే దొరుకుతాయి ఆమెకు. ఒక్క పోటుతో అయిపోయింది. బామ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమె అలవాటు చొప్పున ట్రేలో ఉన్నదంతా ఒక్క ఊపులో పసుపుపచ్చ సూదుల డబ్బాలోకి వంచేసింది. డబ్బా గీత దాకా నిండింది. మూత నొక్కింది. టక్కుమంది. ఆ మూత ఒకసారి పడితే ఇక రాదు. చెత్త బండి ఆయన గుమ్మంలోనే ఉన్నాడు, డబ్బా అందుకుని వెళ్ళిపోయాడు.

కారు దగ్గరికొచ్చి సంచి వెతికింది. జేబులు చూసుకుంది. సంచి మళ్ళీ వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది, ట్రే వంచినప్పుడు సూదుల గలగలలో ఇంకో చప్పుడు కూడా వినిపించింది. సూది అంత బరువుగా పడదు. చెవి విన్నది, బుర్రకు చేరలేదు.

చెత్త బండి ఆయనకు ఫోను చేసింది.

"అన్నా, నా కారు తాళం నీ దగ్గర డబ్బాలో పడిపోయింది."

"మూత పడిందా?"

"పడింది."

"మరింకేం అడుగుతావక్కా? మూత పడ్డ డబ్బా తెరవకూడదని మాకు పాఠం చెప్పింది నువ్వే కదా. చెయ్యి పెట్టి గుచ్చుకుంటే ఏ రోగం ఎవరిదో కూడా తెలీదని భయపెట్టావు. నేనింకా ఆ భయంలోనే ఉన్నాను."

"అయితే..."

"అన్నీ కాల్చేసే కొలిమికి పోతోంది. నీ తాళం, నా దండం."

పోయిన వస్తువు ఎక్కడుందో తెలియకపోతే వెతుకుతాం. ఎక్కడుందో చక్కగా తెలిసి, అందకుండా పోవడమనేది వేరే రకం నీరసం. ఆమె కారు నీడన మెట్టు మీద కూలబడి ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, రావడం ఆలస్యమవుతుంది. కారు తాళం పోయింది."

"మళ్ళీ పోగొట్టావా?" అంది అత్తగారు.

మళ్ళీ. ఆ ఒక్క మాట చాలు.

"చిన్నాడికి ఫోన్ చెయ్యి. వాడి దగ్గరుందిగా" అని అత్తగారే దారి చూపించింది.

చేసింది. మరిది ఎప్పటిలాగే హుషారుగా ఎత్తాడు. "దానికేం వదినా, సాయంత్రం వచ్చి తీసేస్తా. నువ్వు బస్సులో ఇంటికెళ్ళిపో, ఎండలో నిలబడకు. ఎలాగూ రేపు కారు నాకు కావాలి. మా మామగారికి కంటి ఆపరేషను. రెండు మూడు రోజులు నా దగ్గరే ఉంచుకుంటా."

"రేపు నాకు పనుంది."

"బస్సులున్నాయిగా వదినా!" అని నవ్వి పెట్టేశాడు.

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని కారు వంక చూసింది. సాయంత్రం అతనొస్తే తాళం తిప్పి తీసుకుపోతాడు. అతని చేతిలో తాళం, తన చేతిలో ఐస్ పెట్టె. రేపు బస్సు, రేపు ఆలస్యం, ఎల్లుండికి ఆ ముసలివాళ్ళ చేతులు ఇంకెవరి చేతుల్లోనో. గట్టిగా దెబ్బలాడదామంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు. లోపలికెళ్ళి మేనేజరును అడిగి, కారు తాళాలు చేసే ఆయన నంబరు తీసుకుంది.

తాళాలాయన ఒక పాత వ్యానులో వచ్చాడు. పొట్ట ముందు నడుస్తుంటే వెనక తనొచ్చే రకం. వస్తూనే "ఎక్కడ పోగొట్టారు?" అన్నాడు.

"సూదుల డబ్బాలో."

"బావిలో పడేసినవాళ్ళున్నారు, పసిపిల్లాడు మింగబోయిన కేసుంది. ఇది కొత్త." మెచ్చుకున్నట్టు తల ఊపాడు. "కారు మీదేనని ఏమైనా ఉందా? ఏమనుకోకండి, అడక్కుండా చేస్తే దొంగల్లో నేనూ ఒకణ్ణవుతాను."

ఫోనులో కారు కాగితం చూపించింది. ఆయన పేరు చదివి, ఆమె మొహం చూసి, సరే అన్నాడు. ఎవరో ఆ కాగితం చదివి ఇది మీదేనని ఒప్పుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

సన్నటి కడ్డీతో డోరు తీశాడు. తాళం రంధ్రంలో ఏదో పరికరం పెట్టి ఒక కన్ను మూసుకుని చూస్తూ, చేస్తున్న పని చెప్పుకుంటూ పోయాడు. ఎవరూ వినకపోయినా చెప్పుకునే మనిషిలా ఉన్నాడు. "ఈ బళ్ళకి తాళంచెవి రేకు ఒక్కటే సరిపోదమ్మా. తాళం తలకాయలో బియ్యపుగింజంత చిప్పుంటుంది. ఇదిగో, ఈ స్టీరింగు పక్క రంధ్రం చుట్టూ ఒక రింగుంటుంది. ఆ రింగు చిప్పుని పలకరించాలి, చిప్పు బదులు పలకాలి. పలక్కపోతే ఇంజను ఊపిరి తీసుకోదు. ముందు రేకు కోస్తా, తర్వాత చిప్పు సంగతి చూద్దాం."

వ్యానులో మిషను కాసేపు గీపెట్టింది. కొత్త రేకు తెచ్చి, "ఊరికే తిరుగుతుందో లేదో చూస్తున్నా" అంటూ పెట్టి తిప్పాడు.

కారు స్టార్టయింది.

తాళాలాయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంది. "ఇదేంటమ్మా! చిప్పు లేకుండా పలికింది!" ఆపాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ స్టార్టయింది. "దీని కడుపులో ఏదో ఉంది" అని పొట్ట కూడదీసుకుని సీటు ముందు దూరి, స్టీరింగు కింది ప్లాస్టిక్ మూత విప్పాడు. వేళ్ళు లోపలికి పోనిచ్చి, "ఆఁ, దొరికాడు దొంగ" అన్నాడు.

రింగుకు ఆనించి ఏదో అంటించి ఉంది, తెల్లటి గుడ్డ పట్టీతో, రెండు చుట్లు. పట్టీ చివర మడిచి ఉంది, తీసేటప్పుడు గోటికి దొరికేలా. ఆ పట్టీ ఆమెకు తెలుసు. దూది అంటించడానికి ల్యాబ్ వాళ్ళు ఒకప్పుడిచ్చిన పట్టీ అది. ఇప్పుడు రావడం లేదు. చివర అలా మడవడం కూడా తెలుసు. అది ఆమె భర్తకు తనే నేర్పింది. ఆమె సంచిలోంచి చుట్ట తీసి, తెగిన చెప్పుకూ పగిలిన రిమోటుకూ ఆయనే వేస్తుండేవాడు.

"అసలు తాళం ఒకటి విరగ్గొట్టి, అందులో చిప్పు తీసి ఇక్కడ పెట్టారమ్మా" అన్నాడు తాళాలాయన. "ఇక ఏ రేకు ముక్క పెట్టినా బండి నాదే అనుకుంటుంది. రెండో తాళం చవకలో అయిపోతుందని చేస్తారు కొందరు. మీకు తెలీదా?"

"తెలీదు" అంది.

అంటే సొరుగులో తాళం పోలేదన్నమాట. ఆమె పోగొట్టలేదన్నమాట. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఆయన పక్కనే నిలబడి చూశాడు. మంచి మనిషే. ఎవరినీ కాదనలేని మనిషి. తమ్ముణ్ణి కాదనలేడు, ఆమెతో ఔననిపించుకోలేడు, మధ్యలో పట్టీ వేశాడు. కోపం వస్తుందేమోనని ఆమె కాసేపు ఆగి చూసింది. రాలేదు. బాగా బరువున్నదేదో ఇన్నాళ్ళూ మోసి, అది తనది కాదని తెలిశాక కింద పెట్టడానికి కూడా వంగలేనట్టు అనిపించింది.

తాళాలాయన చెమట తుడుచుకున్నాడు. "రెండు దారులున్నాయమ్మా. ఇది ఇక్కడే వదిలేస్తే ఈ రేకుతో ఇప్పుడే వెళ్ళిపోవచ్చు. నాకూ పని తప్పుతుంది. లేదంటే ఈ చిప్పు తీసి మీ కొత్త తాళం తలకాయలో పెడతా. అప్పుడు మీ తాళం ఒక్కటే తాళం. ఇంకెవరి దగ్గరైనా రేకుంటే వాళ్ళకి డోరు తెరుచుకుంటుంది, అంతే. బండి కదలదు."

"ఇంకొకరి దగ్గరుంది."

"ఇంట్లోవాళ్ళా?"

"మరిది."

"ఓహో" అన్నాడాయన. అలాంటి ఓహోలు చాలా చూసినవాడిలా కారు చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు.

మొదటి దారి సులువు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. సాయంత్రం మరిది వస్తాడు, కారు పట్టుకుపోతాడు, అత్తగారు మొహం మాడ్చుకోదు. ఇన్నేళ్ళూ నడిచింది అలాగే. నడిపించిందీ తనే. కానీ రేపు పొద్దున ఎవరింటికి వెళ్ళాలో తలచుకుంది. మూడో అంతస్తు పెద్దాయన, గుండె మందు వేసుకునే ముందు రక్తం ఇవ్వాలి, ఆలస్యమైతే మందూ ఆలస్యం. ఆయన తలుపు తీసి పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు.

"తీసెయ్యండి" అంది.

తాళాలాయన చిన్న పట్టకారుతో చిప్పు తీసి, కొత్త తాళం తలకాయ విప్పి, అందులో పెట్టి బిగించి, ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమెనే కూర్చోబెట్టి తిప్పించాడు. స్టార్టయింది. తర్వాత చిప్పులేని ఇంకో రేకు కోసి, దాంతో తిప్పి చూపించాడు. ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. "అంతేనమ్మా. ఈసారి సూది ఒక చేతిలో, ఇది ఇంకో చేతిలో" అని వ్యానెక్కాడు.

సాయంత్రం దాకా ఆమె కారులోనే కునుకు తీసింది. లేచి ఇంటికి పోవచ్చు. కానీ మరిదికి ఇది ఇంట్లో, వాళ్ళమ్మ ముందు చెప్పదలచుకోలేదు. ఇక్కడైతే తనూ అతనూ మాత్రమే ఉంటారు.

మరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. "అరే, ఇంకా ఇక్కడే ఉన్నావా వదినా? లేవు లేవు, నేను తీస్తా." ఆమె దిగింది. అతను కూర్చుని, సీటు బాగా వెనక్కి జరిపి, తాళం తిప్పాడు. కారు దగ్గి ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఎదురుగా ఎర్ర దీపం మిణుకుమంది.

"చచ్చింది వదినా. బ్యాటరీ అనుకుంటా."

"చావలేదు. నీ తాళానికి ఇక రాదు."

"అంటే?"

స్టీరింగు కింద ఏం దొరికిందో, తను ఏం తీయించిందో చెప్పింది. అతని మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది.

"మా అన్న కారు వదినా ఇది."

"మీ అన్న కారే. ఇప్పుడు దీంతో నేను బతుకుతున్నాను."

"నేనేమైనా దొంగతనంగా తీసుకెళ్ళానా?"

"అడిగి తీసుకెళ్ళావా?"

"అడగొద్దన్నాడు కదా అన్నయ్య!" అని అరిచాడు. అరిచి తనే తగ్గాడు. "తాళం ఇచ్చినప్పుడే చెప్పాడు. 'మీ వదినే ఇమ్మంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో. అడిగావనుకో, పరాయివాణ్ణి చేశావని చిన్నబుచ్చుకుంటుంది' అని. నువ్వు చిన్నబుచ్చుకుంటావనే అడగలేదు. ఇన్నాళ్ళూ."

ఆమె కారు మీద చెయ్యి ఆనించి నిలబడింది. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట తీరే తెలిసిన తీరు. పోయిన మనిషి ఇద్దరికీ చెరొక మాట చెప్పి, ఇద్దరినీ సంతోషపెట్టాననుకుని నిద్రపోయి ఉంటాడు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. దెబ్బలాడదామంటే ఈ అబ్బాయి తప్పు సగం కూడా లేదు.

"నాకు అడిగి తీసుకుంటాడని చెప్పాడు" అంది.

మరిది సీట్లోంచి దిగి, చేతిలో రేకు తిప్పుతూ నేలకేసి చూశాడు.

"అయితే ఇప్పుడు అడుగుతున్నా వదినా. రేపు ఇస్తావా?"

ఇస్తాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆ కుటుంబం మాట, అందరికీ అలవాటైన మాట.

"రేపు ఇవ్వను" అంది. "రేపు కారు లేకపోతే ఆ ఇళ్ళు నావి కావు. మామగారికి టాక్సీ పిలువు. ఆపరేషనయ్యాక ఆయన్ని ఇంటికి తెచ్చే రోజు సాయంత్రమైతే నేనే వచ్చి తీసుకెళ్తా."

"నువ్వు తోలితే ఆయన భయపడి చస్తాడు."

"కంటికి కట్టుంటుంది. కనపడదు."

అతనికి నవ్వు రాబోయి ఆగింది. ఇంకా నొచ్చుకునే ఉన్నాడు, అది కనిపిస్తూనే ఉంది. రేకు పైకెత్తి, "మరి దీన్నేం చెయ్యను?" అన్నాడు.

"ఉంచుకో. డోరు తెరుచుకుంటుంది. ఎప్పుడైనా ఐస్ పెట్టె లోపల పెట్టడానికి రా."

సీటు ముందుకు లాక్కుని కూర్చుంది. అతను అటు తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో అతను ఆ వైపు కూర్చోవడం అదే మొదలేమో, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాడు. బస్టాపు దగ్గర ఆమె కారు ఆపింది. దిగేటప్పుడు "వస్తా వదినా" అన్నాడు, ఎప్పటికన్నా మెల్లగా.

అతను గుంపులో కలిశాక ఫోను మోగింది. అత్తగారు.

"చిన్నాడు వచ్చాడా?"

"వచ్చాడు. బస్సెక్కడానికి దింపాను."

"బస్సేంటి? కారు వాడికి కావాలన్నాడే."

"కారు నా దగ్గరుంది అత్తయ్యా. రేపు నాకు పని."

అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఇంటికెళ్ళాక ఆ నిశ్శబ్దం ఇంకా పొడుగ్గా ఉంటుందని, రాత్రికి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పాకుతుందని ఆమెకు తెలుసు. పెట్టేసిందనే అనుకుంది.

"వచ్చేప్పుడు నా మోకాళ్ళ మందు తీసుకురా. అయిపోయింది" అంది అత్తగారు.

"నాకూ అయిపోయింది. ఇద్దరికీ తెస్తాను" అని, ఆమె కారును మందుల షాపు వైపు తిప్పింది.